ఆరో తరగతి పిల్లకు షిఫ్టెక్కడిది?

బిడ్డకు నిద్ర పట్టడం లేదని తెలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందని అడుగుతారు. నేను పరుపు మార్చాను. దూది పరుపు తీసి కొబ్బరి పీచుది వేశాను. అదీ కుదరకపోతే ఫోముది, ఆ తర్వాత స్ప్రింగుది. మంచిర్యాలలో నాది పరుపుల దుకాణం. ఊరికంతా కమ్మటి నిద్ర అమ్ముతానని బోర్డు రాయించుకున్నవాణ్ణి, సొంతింట్లోనే సరుకు లేకపోవడమేమిటని పౌరుషం వచ్చింది. పరుపులు మార్చీ మార్చీ పరువు పోగొట్టుకున్నాను.

అప్పుడు మా అమ్మాయి ఆరో తరగతి. బళ్లో వార్షికోత్సవమని కాగితం పూలు చేయడం మొదలుపెట్టింది. ముందు స్టేజీకి, తర్వాత మా ఇంటికి, ఆ తర్వాత వీధిలో నిలబెట్టిన ప్రతి స్కూటరుకూ. కోడి కూయకముందే లేచి కత్తెర పట్టుకునేది. నిద్ర చాలకపోయినా అలసట లేదు. ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట. మేమంతా మురిసిపోయాం. పిల్ల ఎంత హుషారో అని చుట్టాలకు ఫోన్లు కూడా చేశాం. ఉత్సవం అయిపోయిన కొన్నాళ్లకు ఆ హుషారంతా దిగిపోయింది. ఖోఖో అంటే ప్రాణమిచ్చే పిల్ల ఆటకు పోనంది. పళ్లెం ముందు కూర్చుని పప్పులో వేలు తిప్పుతుండేది. స్నేహితురాళ్లు గేటు దగ్గరికొచ్చి పిలిస్తే లేనని చెప్పమనేది. వారాలు గడిచినా అంతే.

"ఈడుకొస్తుంది గద, గట్లనే ఉంటరు," అంది నా భార్య. మా అవ్వ, అంటే మా అమ్మ, దిష్టి తీసింది. నేను పరుపుల పని మీద ఉన్నాను.

ఇక్కడ మా నాన్న గురించి, మేం బాపు అనేవాళ్లం, చెప్పాలి. ఆయన శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం పగటిది, ఒక వారం రాత్రిది. ఉన్నట్టుండి ఒక్కోసారి నిద్రే లేకుండా క్వార్టరు తలుపులన్నిటికీ నీలం రంగు వేసి, మిగిలిన రంగు పక్కింటి తలుపుకు వేసేవాడు, వాళ్లు అడక్కపోయినా. కూరగాయలకని సంతకు పోయి మేకపిల్లల్ని తోలుకొచ్చేవాడు. ఆ తర్వాత కొన్ని వారాలు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరు అడిగినా అవ్వ దగ్గర ఒకటే జవాబు: "షిఫ్ట్ మారింది, ఒంటికి పడతలేదు." బాయి మీద బతికే వాడకట్టులో దానికి ఎదురు ప్రశ్న ఉండదు. షిఫ్టు ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కాబట్టి కారణానికి కరువూ రాలేదు. బాపు పోయేదాకా ఏ డాక్టరూ ఆ సంగతి చూడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అవ్వ పాల గ్లాసుతో పిల్ల గదికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని దుప్పటి అంచును మడుస్తోంది, విప్పుతోంది, మళ్లీ మడుస్తోంది. అవ్వ వెనక్కి వచ్చి వంటింట్లో పీట మీద కూలబడింది.

"మీ బాపు గూడ గట్లనే మడిచేటోడు రా."

"షిఫ్ట్ మారినప్పుడే గద?" అన్నాను, చిన్నప్పటి అలవాటుకొద్దీ.

"ఏం షిఫ్ట్ రా! ఆరో తరగతి పిల్లకు షిఫ్టెక్కడిది?" అంది. "మీ బాపు సెలవు మీదున్నా గట్లనే ఉండె. నలుగురు నవ్వుతరని నేనే షిఫ్టన్న. అనంగ అనంగ నేను గూడ నమ్మిన," అంది.

పిల్లకు తాత ముక్కు వచ్చిందని పుట్టినప్పుడు ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఇంకేమేం వచ్చాయో చూసుకోవాలన్న ఆలోచనే మాకు రాలేదు. బాపు గోడవైపు తిరిగి గడిపిన ఆ వారాలు నా బిడ్డకు కూడా రాబోతున్నాయా?

ఆ వారమే కరీంనగర్ బస్సెక్కాం. చెప్పాల్సింది తన దగ్గరుందని అవ్వ కూడా వచ్చింది. అక్కడి డాక్టరమ్మ పిల్లల మనసుకు వైద్యం చేసే మనిషి. ముందు మా అమ్మాయితో ఒంటరిగా మాట్లాడింది. కాసేపటికి లోపలినుంచి నవ్వు వినిపించింది. నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ నవ్వు విని చాన్నాళ్లయింది.

మమ్మల్ని పిలిచాక డాక్టరమ్మ నావైపు చూసి, "పరుపుల సార్ మీరేనా?" అంది.

"నిద్ర రాలే అంటె ఇంకో పరుపు తెస్తడని నిద్రపోయినట్టు యాక్టింగ్ చేసిన మేడం," అంది మా అమ్మాయి. నా వైద్యం వల్ల జరిగింది అదీ.

అవ్వ తలుపుల రంగు దగ్గర్నుంచి దుప్పటి అంచు దాకా అన్నీ చెప్పింది. డాక్టరమ్మ ఓపికగా విన్నది.

"తాతకున్నది మనుమరాలికి వచ్చే తీరుతదని కాదమ్మా. మనం జర ఎక్కువ కనిపెట్టుకొని ఉండాలె, అంతే. ఈ ఈడుల చిరాకులు, ఏడ్పులు అందరికుంటయి, పూటకో తీరు మారుతయి. వారాలకొద్ది పోకపోయినా, నిద్ర లేకున్నా అలసిపోకపోయినా, ఇష్టమైన ఆట గూడ వద్దనిపించినా, ఈడు మీదికి నెట్టేసి ఊకోవద్దు. మీరు మురిసిపోయిన రోజులు గూడ నాకు చెప్పాలె. ఇగ బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినవడ్డా సరే, ఏ టైమనేది చూడకుండ తీస్కరాండ్రి."

జబ్బుకు పేరు పెట్టడానికి ఆవిడ తొందరపడలేదు. మందులు ఇప్పుడే వద్దంది. క్రమం తప్పకుండా వచ్చి మాట్లాడమంది. ఇంట్లో అందరూ రోజూ ఒకే వేళకు పడుకోవాలంది. "ఏ పరుపు మీదనైనా సరే," అని నాకోసం ప్రత్యేకంగా చేర్చింది.

తిరుగు బస్సులో పిల్ల అడిగింది: "నానమ్మా, తాత నిజంగనే పక్కోళ్ల తలుపుకు గూడ రంగేసిండా?"

"ఏసిండు. మురిసిపోయిన్రు వాళ్లు. కిటికీలకు గూడ ఎయ్యమన్నరు!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి అవ్వ పొద్దున చాయ్ దగ్గర మనుమరాలిని అడగడం మొదలుపెట్టింది: "ఇయ్యాల ఏ షిఫ్ట్ బిడ్డా?" ఫస్ట్ షిఫ్ట్ అంటే బాగుందని. నైట్ షిఫ్ట్ అంటే బరువుగా ఉందని. ఆ రోజు ఎవరూ ప్రశ్నలు వేయరు, ఒకరు పక్కన కూర్చుంటారు. నైట్ షిఫ్టులు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంటాయి. కరీంనగర్ బస్సూ మానలేదు. అయితే పిల్ల మళ్లీ ఖోఖోకు పోతోంది, మోకాళ్లు దోక్కుపోయి ఇంటికొస్తోంది.

చిక్కేమిటంటే ఆ షిఫ్టు నామీదికీ మళ్లింది. దుకాణంలో ఎవరిమీదైనా గొంతు లేపితే చాలు, వెనకనుంచి "డాడీది నైట్ షిఫ్ట్ నడుస్తుంది, ఏమనుకోకుండ్రి," అని వినిపిస్తుంది. ఒకరోజు స్ప్రింగు పరుపు నొక్కి చూస్తున్న పెద్దమనిషితో, "ఏదైనా ఒకటే అంకుల్, టైముకు పండుకుంటె సాలు," అంది. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. అవ్వకు చెప్పుకుంటే, "పిల్ల అబద్ధమైతె చెప్పలే గదరా," అంది.

నా వంతు కోసం కాచుకుని ఉన్నాను. మొన్న నానమ్మా మనుమరాలూ టీవీకి అతుక్కుపోయి ఉన్నారు. సీరియల్లో ఏళ్లనాడు తప్పిపోయిన కవల తలుపు తడుతోంది, ఇవతలి కవల గొళ్లెం మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడు మా పడకవేళ అయింది. టీవీ ఆపేశాను.

"డాడీ! ఒక్క నిమిషం! జర!"

"సైరన్ కొట్టింది. షిఫ్ట్ అయిపోయింది, దిగుండ్రి. డాక్టరమ్మ మాట."

"నీ పరుపులల్ల నల్లులు పడ!" అంది అవ్వ.

పిల్ల కాళ్లు నేలకేసి కొడుతూ, నానమ్మను గదిలోకి లాక్కుపోయి తలుపు ధడేల్మని వేసుకుంది. నేను వెళ్లి తలుపుకు చెవి ఆనించాను. లోపల ఇద్దరూ గొళ్లెం తీస్తే ఏమవుతుందో వాదించుకుంటూ, మధ్యమధ్య నన్ను తిట్టుకుంటున్నారు. ఒక్క పూట కోపమే, వారాలకొద్దీ ఉండేది కాదు. ఇంత కమ్మటి తిట్లు నేనెన్నడూ తినలేదు.

మర్నాడు చాయ్ దగ్గర అవ్వ అడిగితే, "ఫస్ట్ షిఫ్టే, గని డాడీతోని మాట్లాడ," అంది పిల్ల.

రిమోటు మాత్రం స్ప్రింగు పరుపు కింద దాచాను. ఆ పరుపు ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది.