జాక్ వెనక ఎవరూ ఉండకూడదు

జాక్ దగ్గరుండేవాడి అరుపు అవతలి గట్టుకు వినిపించాలి. నాది అసలే పెద్ద గొంతు, అందుకే ఆ పని నాకు అంటగట్టారు. వంతెన దూలం పోసి, కాంక్రీటు గట్టిపడ్డాక, లోపలి గొట్టాల్లో దూర్చిన ఉక్కు తీగలను రెండు కొసల నుంచీ జాక్‌లతో లాగి బిగిస్తాం. ఆ బిగువు కాంక్రీటును అదిమి పట్టుకుంటుంది. అందుకే దూలం సన్నగా ఉన్నా పొడుగ్గా సాగుతుంది, కింద తక్కువ స్తంభాలే సరిపోతాయి.

లాగేటప్పుడు తీగ తెగితే జాక్ వెనకున్న మనిషి మిగలడు. అందుకని ప్రతి విడతకూ ముందు నేను అరవాలి: "యెనకాల ఎవురన్నా ఉండారా?" కాపలా నిలబడే కోనసీమాయన బదులివ్వాలి: "ఎవరూ లేరండీ!" మా కడప వైపు వెనకాముందూ ఎవరూ లేనివాడంటే దిక్కులేనివాడని. రోజుకు ఇన్నిసార్లు అడిగి మరీ ఆ మాట అనిపించుకుంటున్నానే అని ఒళ్లు మండేది.

నిజానికి నాకు మనిషి ఉంది. నా భార్య కూడా ఈ గల్ఫ్ దేశంలోనే, మిష్రిఫ్ అనే పేటలో, ఒక అరబ్బుల ఇంట్లో ముసలామెను చూసుకునేది. దూలం మీదికెక్కితే ఆ వైపు ఇళ్లు కనిపించేవి. ఒకే దేశంలో ఉండి కూడా మేము కలిసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముసలామె పోయింది, ఇక ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే అనుమతి అయిపోయినట్టే అన్నారు. శుక్రవారం కలుద్దాం, శనివారం తను ఊరికి ప్రయాణం అనుకున్నాం. శుక్రవారం కోసం చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

బుధవారం పొద్దున ఫోన్లు షెడ్డులో పెట్టేసి పని మొదలుపెట్టాం. రెండు విడతలయ్యాయి. మూడోదానికి ముందు అరిచాను.

"ఉన్నారండీ! మీ ఆవిడొచ్చారు!"

తల తిప్పాను. నల్ల అబాయా వేసుకుని, చేతిలో సంచితో, సరిగ్గా జాక్ వెనక మట్టి గట్టు మీద నిలబడి ఉంది. కింద రోడ్డు మీద తను పనిచేసిన ఇంటి కారు.

"టిక్కెట్టు ఈపొద్దుకే మార్చినారు. ఫోన్ చేస్తే ఎత్తవే! డ్రైవరు రోంతసేపే నిలుపుతా అన్న్యాడు," అంది.

సగం బిగువులో జాక్‌ను వదిలి పోకూడదు. అవతలి కొసవాళ్లు వాకీటాకీలో "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. పోయి చేయి పట్టుకోవాలనుంది. నోట్లోంచి మాత్రం "పక్కకు పో మే!" అన్న కసురే వచ్చింది. తను బెదిరిపోయి, కోనసీమాయన చూపించిన చోటికి జరిగింది.

విడత ముగిసేసరికి కారు లేదు. కోనసీమాయన సంచి తెచ్చిచ్చాడు. అందులో చెనిక్కాయల పొడి సీసా ఉంది.

"డ్రైవరు హారను మీద హారను కొట్టాడండీ. పాపం, ఆవిడ వెనక్కి చూసుకుంటూనే వెళ్లారు," అన్నాడు.

ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. కానీ ఇంకో విడత మిగిలింది. గొంతు సర్దుకుని అరిచాను. ఆయన తన చోటికి పోయి నిలబడ్డాడు గానీ, నా మొహం చూసి ఆ మాట అనలేకపోయాడు. నేనే వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ నేల, దుమ్ములో తన చెప్పుల గుర్తులు.

"ఎవురూ ల్యారు," అని నేనే చెప్పి, జాక్ లాగాను.