పోటీకి ముందురోజు స్నానం

“నాలుగో బహుమతి ఎందుకొచ్చిందని మాత్రం అడగొద్దు మిసావో. ఊళ్ళో పదిమందికి పది కారణాలు చెప్పాను, పదీ అబద్ధాలే. నువ్వు కాసేపు కూర్చుంటే నిజం చెప్తాను,” అంటూ కిను టీ గిన్నె ముందుకు జరిపింది. పక్కన పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ముక్కలు నాలుగు.

మిసావో కరెంటు మీటర్లు చూసే మనిషి. పదిహేనేళ్ళుగా నెలకోసారి ఓదాతే ఊరి వీధులన్నీ మోపెడ్ మీద చుట్టబెడుతుంది. ఎవరింట్లోనూ కూర్చోదు, ఈ ఇంట్లో తప్ప. ఇక్కడ లేవనివ్వరు.

“కూర్చుంటాను గానీ పిన్నీ, మళ్ళీ పెళ్ళిపెట్టె దగ్గర్నుంచి మొదలుపెట్టకు.”

“అక్కణ్ణుంచి చెప్పకపోతే నీకేం అర్థమవుతుంది?”

నలభై ఆరేళ్ళ కిందట కిను కొత్తకోడలుగా వచ్చిన రోజున, బట్టలపెట్టె దించుతున్నవాళ్ళకి లోపల్నుంచి కుయ్యిమని వినిపించింది. మూత తీస్తే పట్టు కిమోనోల మీద ఎర్రబొచ్చు అకీతా జాతి కుక్కపిల్ల. వాటిని తడిపేసి, తనకేమీ తెలియనట్టు చూస్తోంది. పుట్టింటివాళ్ళు ఏమేం పెట్టి పంపారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. పెళ్ళికొడుకు తోకుజి అన్నమాట మాత్రం వీధంతా గుర్తే: “నేనడిగింది ఒక్క మనిషిని. ఇద్దరొచ్చారు.”

ఆ పిల్ల పేరు హనా. దాని సంతతినే కిను పదకొండు తరాలుగా పెంచుకుంటూ వచ్చింది. ఏ కుక్కకి ఏ జత కుదురుతుందో చూడటానికి చలికాలంలో రైళ్ళెక్కి తిరిగింది. నలభై రోజుల పిల్లని చేతిలోకి తీసుకుని, చెవులు ఎప్పుడు నిక్కుతాయో, తోక ఏ పక్కకి చుట్టుకుంటుందో చెప్పేది. రెండో బహుమతులూ మూడో బహుమతులూ గోడనిండా ఉన్నాయి. మే నెల పెద్ద పోటీలో మొదటిది మాత్రం హనా వంశానికి ఒక్కసారీ రాలేదు.

ఈ ఏడు వచ్చేదే. ఆ వంశంలో ఇప్పుడున్న మగకుక్క హయాతేకి మూడేళ్ళు. నలభై అయిదు కిలోలు. తల చూసి పక్క ఊరి పెంపకందార్లు మాటలు ఆపేసేవాళ్ళు. కిను మోకాళ్ళు అరిగిపోయాయి. అంత కుక్కని తాడు బిగించి నిలబెట్టడం తనకి ఈ ఏటితో సరి అని ఆవిడకి తెలుసు.

తోకుజి ఇన్నేళ్ళలో ఏ కుక్కనీ ముట్టుకోలేదు. కట్టెకోత మిల్లుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. తన గిన్నె కన్నా ముందు కుక్కల గిన్నెలు నిండుతున్నాయని సణిగేవాడు. కరెంటు ఖర్చని, గదిలోంచి మనిషి బయటికి రాకముందే దీపం ఆర్పేసేవాడు. మిల్లు మానేశాక ఏం తోచిందో ఏమో.

“పోటీ ముందురోజు కుక్కల సంఘం వాళ్ళ దగ్గర పోటీ నంబరు తీసుకుని సాయంత్రానికి వచ్చాను,” అంది కిను. “వాకిట్లోనే వాసన. కమెలియా పూల సబ్బు. మీ బాబాయి మొహం టమాటాలా ఉంది. పక్కన హయాతే, మూడు తువ్వాళ్ళు కప్పుకుని. మా స్నానాల తొట్టిలో, వేణ్ణీళ్ళతో రుద్ది రుద్ది కడిగాడు. ‘ఇదుగో, పెళ్ళికొడుకుని చేశాను చూడు’ అన్నాడు.”

మిసావో ఊరగాయ ముక్క నోటి దగ్గరే ఆపింది. పోటీకి మూడు వారాల ముందునుంచీ అకీతా కుక్కకి నీళ్ళు తగలనివ్వరని ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పైబొచ్చు పైన్ ఆకుల్లా గరుగ్గా నిలబడాలి. సబ్బు తగిలితే దూదిలా వాలిపోతుంది.

“నువ్వేమన్నావు?”

“‘బాగుంది’ అన్నాను. ఇంకేమంటాను? ఆయన చేతులు చూశావా, మిల్లులో పోయిన వేలు పోగా మిగిలిన తొమ్మిదీ నానిపోయి ముడతలు పడ్డాయి.”

“పోటీకి తీసుకెళ్ళకుండా ఉండాల్సింది. కాలు బెణికిందని చెప్తే సరిపోయేది.”

“అలాగే అనుకున్నాను. తెల్లారి లేచేసరికి మీ బాబాయి టై కట్టుకుని కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళలో మొదటిసారి నాతో పోటీకి వస్తానన్నాడు. అన్నం ముద్దలు కూడా తనే చుట్టాడు, ఒక్కోటి ఇటుకంత.”

కిను వెళ్ళింది. ఓడిపోతానని తెలిసే వెళ్ళింది. తాడు బిగించి పట్టుకుంది, హయాతే కదలకుండా నిలబడింది. న్యాయనిర్ణేత పళ్ళు చూశాడు, తోక చూశాడు, తలూపాడు. వీపు మీద బొచ్చుకి ఎదురుగా అరచేత్తో నిమిరాడు. ఆ చెయ్యి అక్కడే ఆగింది. “తల ఇలాంటిది పదేళ్ళలో చూడలేదమ్మా. బొచ్చు మాత్రం నిద్రపోతోంది,” అన్నాడు. తరవాత ముక్కుతో గాలి పీల్చి పక్క కుక్క దగ్గరికి జరిగాడు. బరి చుట్టూ కట్టిన తాడు అవతల తోకుజి, పక్కవాడి భుజం తట్టి మరీ, ఆ కుక్క మాదేనని చెబుతున్నాడు.

“బాధేసిందా పిన్నీ?”

“వెయ్యకేం. ఇంటికొచ్చి హనా ఫొటో ముందు కూర్చుని తిట్టుకున్నాను. మీ బాబాయిని కాదు, సబ్బుని.” కిను నవ్వింది. “అయితే ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. శరత్కాలం పోటీ ఇంకో నెలే ఉంది. మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని ఇంకొక్కసారి వెళ్దామనుకుంటున్నాను. ఈయనేమో, ఒక్కసారి కడిగితేనే నాలుగోది వచ్చింది, మూడుసార్లు కడిగితే మొదటిదే వస్తుందంటాడు. అరడజను సబ్బులు కొనుక్కొచ్చాడు.”

మిసావోకి టీ పొలమారింది.

“నిజం చెప్పెయ్యరాదూ.”

“చెప్తే మళ్ళీ కుక్క దగ్గరికి రాడు. ఇప్పుడు పొద్దున్నే లేచి దువ్వుతాడమ్మాయ్. దాంతో మాట్లాడతాడు కూడా. నాతో ఎప్పుడూ చెప్పని మిల్లు కబుర్లన్నీ దానికి చెప్తున్నాడు. నేను వంటింట్లోంచి వింటున్నాను.”

పెరట్లోంచి దువ్వెన చప్పుడు, దాని వెనకాలే తోకుజి గొంతు వినిపిస్తున్నాయి. కిను లేచి మిసావో టోపీ చేతికందించింది.

“మీటరు పెరటి పక్క గోడకే కదా ఉంది. వెళ్ళి చూడు. స్నానాల తొట్టికి నీళ్ళు కాగేది కరెంటుతోనే. నువ్వు అబద్ధమేమీ ఆడక్కర్లేదు. మీ బాబాయికి వినపడేలా ఒక్కసారి పెదవి చప్పరించి, అయ్యయ్యో అని తలూపి వెళ్ళిపో.”