పసుపు తగలని చేతులు

మొన్న రావులపాలెం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా పెద్దమ్మ మనవరాలి హల్దీకి వెళ్ళాను. హల్దీ అంటే ఏంటని అడగకండి, మన పెళ్ళికూతుర్ని చెయ్యడమే. కాకపోతే ఉత్తరాది నుంచి సినిమాల మీదుగా, ఫోన్ల మీదుగా దిగుమతై, పేరు మార్చుకుని, అందరూ పచ్చటి బట్టలే కట్టుకు రావాలన్న ఆంక్షతో సహా మన జిల్లాల్లో కాపురం పెట్టేసింది. పిల్లని కూర్చోబెట్టిన ఉయ్యాలకీ, వెనక తెరకీ, ముందున్న బల్లకీ అంతా పసుపు రంగు లేసు, పువ్వుని ఆనుకుని పువ్వు, అదంతా మిషను మీద నేసిన చైనా సరుకు, అద్దెకి తెచ్చింది. నేను గిన్నెలో పసుపు కలుపుకుని పిల్ల బుగ్గకి రాయబోయేసరికి, అలంకరణ చేసిన అమ్మాయి ఒకటే పరుగున వచ్చింది.

"ఆంటీ, ఆంటీ, నిజం పసుపు వద్దండీ! లేసుకి మరకైపోద్దండి. మా దగ్గర మరక పడని క్రీముందండి."

ఆ మాటకి పెళ్ళికూతురు కూడా బెదిరిపోయి, లేసుకి తగలకుండా రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. ఆ ఎత్తిన చేతులు చూసి పసుపు గిన్నె పక్కన పెట్టేశాను. అలాంటి చేతులు నేను ఇదివరకు మా ఇంట్లో చూశాను.

మాది పాలకొల్లు దాటాక నరసాపురం వైపు ఊరు. అటు ఊళ్ళ వాళ్ళు మీలో ఎవరైనా ఉంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగులు ఎలా ఉండేవో గుర్తుండే ఉంటుంది. కాళ్ళు చాపుకుని వరసగా ఆడవాళ్ళు, ఒళ్ళో దారపు ఉండ, చేతిలో కొన వంగిన చిన్న లేసు సూది, నోట్లో ఊళ్ళో వాళ్ళ సంగతులు. ఎప్పుడో ఏ కాలంలోనో గోదారి ఒడ్డుకొచ్చిన మిషనరీ దొరసానులు నేర్పిన పని అది. వాళ్ళు వెళ్ళిపోయారు, పని ఉండిపోయింది. మా ఇళ్ళల్లో ఆడది పొలంలో దిగితే పరువు పోతుందనేవారు. అరుగు మీద కూర్చుని సముద్రాల అవతల వాళ్ళ భోజనాల బల్లకి గుడ్డ అల్లితే మాత్రం పోయేది కాదు. పరువు లెక్కలు నాకు ఇప్పటికీ అర్థం కావు. తరవాత కాలేజీలో ఎకనామిక్స్ మాస్టారు, ప్రపంచీకరణ అనేది ఈమధ్యే దేశం తలుపులు తెరిచాక వచ్చిందని పాఠం చెబుతుంటే, మా మామ్మ కాపురానికి రాకముందే అది మా అరుగు మీదకొచ్చి కూర్చుందండీ అని లేచి వాదించాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ ఒప్పుకోలేదు.

మామ్మ అంటే మా నాన్నగారి తల్లి, పెద్దమ్మ అంటే ఆవిడ పెద్ద కోడలు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెద్దమ్మది పువ్వుల పని. ఒక్కొక్క పువ్వుగా అల్లి ఇవ్వడమే తప్ప, వాటిని కలిపే అతుకు పని వేరే ఊళ్ళో ఇంకెవరో చేసేవారు కాబట్టి, తన పువ్వులు చివరికి ఏ రూపం ఎత్తాయో ఆవిడ ఏనాడూ చూసి ఎరగదు. ఒకసారి అవి ఎవరి దేశంలోనో చర్చిలో బల్ల మీదకని ఏజెంటు చెబితే మామ్మ మొహం చిట్లించింది. "దేవుడి బల్ల మీదకే గదండీ అత్తయ్యగారూ, ఎవరి దేవుడైతేనేంటండీ," అని పెద్దమ్మ తల ఎత్తకుండానే అల్లుకుపోయింది. ఆ పని వల్లనే అగ్గిపెట్టెకీ, కొబ్బరినూనెకీ, కూతురి స్కూలు పుస్తకాలకీ ఆవిడ పెదనాన్న జేబు వైపు చూడనక్కర్లేకపోయింది. ఇదంతా ఆవిడ పైకి అనేది కాదు. దారం కట్ట ఇంటికొచ్చిన రోజున ఆవిడ నడకే వేరుగా ఉండేది, అంతే.

ఇక్కడే వచ్చింది తంటా. ఆ తెల్ల దారానికి పసుపు తగలకూడదు, తగిలితే ఏజెంటు తిప్పి పంపేస్తాడు. మన ఆడవాళ్ళకేమో శుక్రవారం వచ్చిందంటే మొహాన, కాళ్ళకి పసుపు ఉండాలి. పెద్దమ్మ పసుపు ముట్టడమే మానేసింది. మామ్మ చిన్న వయసులోనే పసుపుకుంకాలకి దూరమైన మనిషి. ఆవిడ పోగొట్టుకున్నదాన్ని కళ్ళ ముందు కోడలు కావాలని వదిలేసుకుంటుంటే ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసే వయసు కాదు. "ఆ దొరసానులు మాలక్ష్మి లాంటి దాని మొహాన్ని గోడకి సున్నం కొట్టినట్టు చేసి పోయారే," అని వీధి గుమ్మంలో నిలబడి తిట్టిపోసేది.

ఆ ఏడు శ్రావణంలో మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. పేరంటానికి వచ్చిన ముత్తైదువల కాళ్ళకి పసుపు రాసే పని ఏటా అమ్మది. ఆ ఏడు పెద్దమ్మ మీద పడింది. తప్పించుకోబోతే మామ్మ పట్టు వదల్లేదు. వాకిలినిండా ఆడవాళ్ళు, అన్ని పాదాలకీ పసుపు రాసి, తరవాత చింతపండుతో ఎంత తోమినా గోళ్ళ సందుల్లో పచ్చదనం పోలేదు. మర్నాడు ఏజెంటుకి ఇవ్వాల్సిన పువ్వులు ముగించాలి. చెమట చేతులతో అల్లుతూ అల్లుతూ చూసుకునేసరికి ఒళ్ళోని పువ్వుల మీద పచ్చటి మరకలు. ఎండలో వేస్తే పసుపు మరక దానంతటదే వెలిసిపోతుంది గానీ శ్రావణ ముసురులో ఎండ ఎక్కణ్ణించి తెస్తాం? సున్నం తగిలితే పసుపు ఎర్రబడి పారాణి అవుతుందని తెలిసిన మనిషే, కంగారులో బట్టల సబ్బు పెట్టి రుద్దింది. సబ్బు కూడా సున్నం పనే చేసి, పచ్చటి మరక కాస్తా ఎర్రటి మరకైంది.

ఏజెంటు ఒక పువ్వు తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"ఏంటండీ అక్కగారూ ఇది! పసుపుతో ఆగకుండా కుంకం కూడా పెట్టేశారా? రెండు అక్షింతలు కూడా వేసేస్తే మేమే దండం పెట్టుకుందుం గదండీ."

అరుగు మీద అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆయన సంచీ సర్దుకుంటూ, అవతల దేశం వాళ్ళకి మన పేరంటాలు తెలియవనీ, వాళ్ళకి మరకంటే మరకేననీ, ఇంక ఈ ఇంటికి దారం ఇవ్వలేననీ చెప్పేశాడు. పెద్దమ్మ సూదిని చీర చెంగులో గుచ్చేసుకుంది. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి మామ్మ వచ్చింది. పరాయి మగాడి ముందుకి ఎన్నడూ రాని మనిషి, కొంగు తల మీదకి లాక్కుని గడప దాటి వచ్చింది.

"ఏమయ్యా, పేరంటం నాది, పట్టుదల నాది, ఆ మరకా నాదే. నా కోడలి పనితనంలో వంకుంటే చెప్పు, వింటాను. లేదా దారం అక్కడ పెట్టు. ఇవాళ్టి నుంచి దాని చేతికి పసుపు తగలదు, నాదీ పూచీ."

ఆయన సర్దిన సంచీ మళ్ళీ విప్పాడు. "మీరు పూచీ అన్నాక ఇంకేం చెప్తానండీ మామ్మగారూ," అంటూ దారం కట్ట అరుగు మీద పెట్టాడు. మామ్మ వెనక్కి తిరిగి, "కాఫీ ఇవ్వండే ఆయనకి," అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి శుక్రవారం పొద్దున్నే పెద్దమ్మ కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పోలీసులకి లొంగిపోయిన దొంగలా రెండు చేతులూ పైకెత్తేది. పాదాలకీ బుగ్గలకీ పసుపు రాయడం నా వంతు. తను ముట్టుకోలేని పసుపు గిన్నెకి దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చుని మామ్మ అజమాయిషీ చేసేది: "మడమ వదిలేశావే! నీ నోటికున్న చురుకు చేతికి లేదేంటే?" ఎర్రబడిన ఆ పువ్వుల్ని ఆవిడే నా చేత నిండా పసుపు నీళ్ళలో ముంచి ఆరేయించి, ఆరాక పెద్దమ్మ చేత ఒకటిగా అతుకు వేయించింది. తన పువ్వులు కలిసి ఒక గుడ్డ కావడం పెద్దమ్మ చూసింది ఆ ఒక్కసారే. ప్రతి శ్రావణంలోనూ అది అమ్మవారి కలశం కింద పరుచుకునేది.

తరవాతి కథ మీకూ తెలిసిందే. మామ్మ పోయింది. ఢిల్లీలో పెద్దవాళ్ళు ఏవో సంతకాలు పెట్టారు, చైనా మిషను లేసు ఓడలెక్కింది, ఏజెంటు రాకలు పల్చబడి పల్చబడి ఒకనాటికి ఆగిపోయాయి. ఒకప్పుడు మన బియ్యం గింజ ధర ఊరి వర్షాన్ని బట్టి ఉండేది, ఇప్పుడు మా చెరువుల్లో రొయ్య బతుకు ఎక్కడో అమెరికాలో కూర్చున్న వాళ్ళ సుంకాన్ని బట్టి ఉంది. అందులో లాభపడ్డవాళ్ళూ ఉన్నారు, నేను కాదనను, మా తమ్ముడే ఉన్నాడు. కానీ ఒక ఊరి ఆడవాళ్ళందరి చేతులూ ఖాళీ అయిపోతే అది ఏ పేపర్లోనూ రాలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక శుక్రవారం ఊరెళ్ళాను. ఇంట్లో దారం పోగు లేదు. పెద్దమ్మ గిన్నెలో పసుపు కలిపించి నా ముందు పెట్టి, పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండు చేతులూ పైకెత్తింది. "ఇంకా చేతులెందుకు పెద్దమ్మా, దించు," అన్నాను, నా నోరు ఊరుకోదు గదా. "ఏమో లేవే, ఎప్పుడు పిలుస్తారో," అని నవ్వింది గానీ దించలేదు. నేను మారు మాట్లాడకుండా రాశాను.

మొన్న హాల్లో కూడా ఆ అలంకరణ అమ్మాయితో వాదన పెట్టుకోలేదు. పాపం దానికీ పైన యజమాని ఉంటాడు, మరక పడితే దాన్నే అంటాడు. ఒక పీట తెప్పించి, లేసు అందని చోట, పిల్ల కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను. "పిన్నీ, చేతులు దించెయ్యనా?" అంది పిల్ల. వద్దన్నాను. మా పెద్దమ్మ అల్లిన పువ్వులు ఏ దేశంలో ఏ బల్ల మీద చిరిగిపోయాయో ఎవరికి తెలుసు, అద్దెకొచ్చిన ఈ పువ్వుల్ని ఏ ఊళ్ళో ఎవరు మిషను ముందు నిలబడి నేశారో అదీ తెలియదు. ఆ చేతులు అలా పైనే ఉండగా, మడమ వదలకుండా, నిదానంగా పసుపు రాశాను.