కమ్మరి కుక్క, కిరాయి వీరుడు

ఆ రోజుల్లో మాకు అలసట లేదు; దానికి ప్రిపరేషన్ అని పేరు పెట్టుకున్నాం. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు, మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో అద్దెకున్న రేకుల గది, మధ్యలో మెట్రోలో నిలబడి, ఇంగ్లీషు బాగుపడాలని చదివే పాత కథల పుస్తకం. అందులో ఒక ఐర్లండు పురాణ వీరుడు నన్ను పట్టుకున్నాడు. చిన్నతనంలోనే, మీదికి దూకిన కమ్మరి కాపలా కుక్కను చంపేసి, ఆ కమ్మరి దిగులు చూడలేక, కొత్త కుక్క పెరిగేదాకా నీ ఇంటికి నేనే కాపలా అన్నాడట. ‘కమ్మరి కుక్క’ అన్నదే అతని పేరైపోయింది. తర్వాత ఏటి రేవులో ఒక్కడే సైన్యాన్ని ఆపాడు. చివరికి చచ్చేటప్పుడు కూడా కూలిపోకూడదని రాతికి కట్టేసుకుని, నిలబడే ప్రాణం వదిలాడు. (సీటు దొరకని వాడికి ఇంతకన్నా ఆదర్శం ఏం కావాలి?)

ఆ ఊపులో ఒకరోజు గేటు గడియ మరిచాను. ఇంటాయన కుక్క వెళ్లిపోయింది. రెండు రోజులు గల్లీలన్నీ తిరిగాం, దొరకలేదు. ఇంటాయనది నల్లగొండ వైపు పల్లె, బాటసింగారంలో పండ్ల వ్యాపారం. నా గది ముందుకొచ్చి, “ఏందయ్యా, గింత చదివినవ్, గేటేసుడు రాదా? నెలాఖరుకు రూము ఖాళీ చెయ్యి” అన్నాడు. పరీక్ష మూడు నెలల్లో ఉంది. ఇంకో గది వెతికే ఓపిక లేదు. నా నోటివెంట ఐర్లండు పలికింది: “కొత్త కుక్క పెరిగేదాకా మీ ఇంటికి నేను కాపలా ఉంటానండీ.”

నవ్వుతాడనుకున్నాను. “గట్లనే. క్లాసుకెల్లి రాంగనే గీడ కూసో” అని గేటు పక్కన కుర్చీ వేశాడు. (తోటివాళ్లు ఇంకా గ్రూప్స్‌కి చదువుతుండగానే నేను గేటుకి సెలక్టయ్యాను.)

మర్నాడే పండ్ల డబ్బాలో కుక్కపిల్ల వచ్చింది. అది త్వరగా పెరిగితే నాకు విడుదల కదా అని నా టీకి తెచ్చుకున్న పాలు దానికే పోశాను. పెరిగింది, కానీ గేటుకి కాక నాకు అలవాటైంది. నేను పుస్తకం పట్టుకుని కునికితే, నా పాదాల మీద అదీ కునికేది. ఇంటామె అన్నం గిన్నె తెచ్చి, “ఇద్దరు కావలోళ్లు. ఇద్దరు పండుకునుడే!” అనేది.

పరీక్ష పోయింది. ఏడాది తిరిగేసరికి ఊరి అవతలి చివర ఉద్యోగం దొరికింది. బ్యాగు తగిలించుకుని బయల్దేరితే ఇంటాయన గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏడికి? మాటిచ్చినవ్ గద. కుక్క ఇంకా పెరగలే.”

కుక్క నా నడుమెత్తు ఉంది. ఆయన దానివైపు చూడనేలేదు.

ఆ తర్వాత మూడు కంపెనీలు మారాను. ప్రతిచోటా ఐడీ కార్డు తీసుకుని, సంతకం పెట్టించుకుని, గంటలో పంపేశారు. నాకు అడ్డంగా నిలబడిన మనిషి ఆయనొక్కడే. ఆ రోజు గేటు దగ్గర బ్యాగుతో నిలబడ్డ కుర్రవాణ్ణి, అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. క్యాబ్ డ్రైవరు ఫోన్ చేస్తున్నాడని కంగారుపడి, “కొంచెం జరగండి అంకుల్, లేటవుతోంది” అన్నాడు, పాపం.