మామిడితోపులో మాధవి చెయ్యి పట్టుకున్నదెవరు

దయ్యాల్ని నమ్మడం సంగతి అట్లుంచండి, దయ్యాల్ని తయారుచేసి పంచిపెట్టిన మనిషిని నేను. ఎర్రగుంట్లలో లారీ ఆఫీసు గుమాస్తాగా ఉన్నంతకాలం, సిమెంటు లోడు కోసం కాచుకోనుండే డ్రైవర్లకు నేను చెప్పిన దయ్యాలకు లెక్కలేదు. ముద్దనూరు దారిలో చెయ్యెత్తి లారీ ఆపే ఆడమనిషి నా సృష్టే. ఆమె కథ ఊళ్ళు తిరిగి తిరిగి, కొన్నేండ్లకు ఒక తమిళ డ్రైవరు నోట నా దగ్గరికే వచ్చింది. ఆయప్ప చెమటలు తుడుచుకుంటా చెబుతుంటే నేను లోపల నవ్వుకుంటా, "అవునప్పా, జాగ్రత్తగా పో" అన్నాను. దయ్యం ఎట్లా పుడుతుందో తెలిసినవాడు దయ్యాన్ని ఎట్లా నమ్ముతాడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయే సంగతిని కూడా నేను శానాచోట్ల పెంచి చెప్పినాను. ఈసారి పెంచినదాన్ని తీసేసి రాస్తున్నాను. తీసేయగా మిగిలిందాన్ని తల్చుకుంటేనే నాకు భయం.

రెండువేల ఐదో ఆరో, మామిడికాయల కాలం. మా చెల్లెలి పెద్దకూతురిని బనగానపల్లె దగ్గర ఒక పల్లెకు ఇచ్చాం. పెండ్లయిన మరుసటి రోజు మగపెండ్లివాళ్ళు తమ మామిడితోపులో విందు పెట్టారు. ఒకవైపు పొట్టేళ్ళ కూర ఉడుకుతోంది, ఇంకోవైపు ఆడవాళ్ళు సంగటి ముద్దలు చేస్తున్నారు. పట్టపగలు, చుట్టూ జనం. చీకట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు జరిగింది కాదు ఇది.

చెల్లెలి చిన్నకూతురు మాధవి అప్పుడు ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. నా అబద్ధాన్ని అక్కడికక్కడే పట్టుకునే మనిషి మా ఇండ్లల్లో ఆ పిల్ల ఒక్కతే. అందుకే నాకు ఆ పిల్లంటే ప్రాణం.

మావైపు పెండ్లిండ్లలో బావామరదళ్ళకు, బావాబావమరుదులకు ఒక హక్కు ఉంది. తాగేదాంట్లో ఏదో ఒకటి కలిపి తాగిస్తారు. ఉప్పో, కారమో, ఆముదమో. కలిపినవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. తాగినవాడు కోపం తెచ్చుకుంటే వాడికే నామోషీ. మా చెల్లెలి పెండ్లిలో మా బావ మజ్జిగలోకి కుంకుడుకాయ రసం పోసి, ఆయన మూతి నిండా నురగ తెప్పించిన ఘనుణ్ణి నేను. ఆ పొద్దు ఊరంతా నన్ను మెచ్చుకుంది.

పెండ్లికొడుకు చిన్నాయన కొడుకు ఒకడున్నాడు. పేరు రాయను, ఆ ఇంట్లో మా పిల్ల కాపురం చేస్తోంది. వాళ్ళ సుమో బండి వాడే తోలేవాడు. పెద్దవాళ్ళు కనపడితే వంగి కాళ్ళు ముట్టేవాడు. ముందురోజు నా సంచి కూడా వాడే మోసినాడు. మాధవికి వరసకు బావ.

పెద్ద గుండిగలో ఐసుగడ్డలు వేసి నన్నారి వేర్ల షర్బతు కలిపి అందరికీ పోస్తున్నారు. వాడు మాత్రం ఒక గ్లాసు విడిగా తెచ్చి మాధవి ముందు పట్టినాడు.

"మరదలా, నా చేత్తో ఇస్తాండా. తాగకపోతే మీ అక్కను రేపే పంపిచ్చేస్తాం."

"పంపీండి బావా. బండి బాడుగ మాత్రం మీరే పెట్టుకోవాల."

అందరూ నవ్వినారు. "తాగమ్మే, ఉప్పుకంటే ఏముంటాది" అని వాళ్ళవైపు ఆడమనిషి ఒకామె అంది. పిల్ల సగం తాగి ముఖం ముడిచింది. గ్లాసు తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మామా, ఇది ఉప్పు కాదు. చేదుగా ఉండాది, చూడు."

కలపడంలో ఆరితేరిన మనిషిని కదా, నన్ను అడగడం నాకు గర్వంగానే ఉండింది. రుచి చూడమంటే మిగిలిందంతా గటగటా తాగేసినాను. మూతి తుడుచుకుని, "ఏం లేదు పాపా, వేరు ముదిరింటే నన్నారి ఇట్లే చేదెక్కుతాది" అని తీర్పు చెప్పినాను. నన్నారి వేరు ముదిరితే చేదెక్కుతుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా తీర్పు విని ఆ పిల్ల నిమ్మళపడింది.

కొంచెంసేపటికి తోపు నాకు దూరంగా జరగడం మొదలుపెట్టింది. మాటలు బావిలోంచి వస్తున్నట్టున్నాయి. ఎండదెబ్బ అనుకుని చెట్టు కింద వేసిన నులకమంచం మీద నడుం వాల్చినాను. పక్కన ఇంకో మంచం. మాధవి తడబడుకుంటా వచ్చి దానిమీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒక పక్కకు ఒరిగిపోయింది.

చూసినవాళ్ళు నవ్వినారు. "ఏం కలిపినావురా మరదలికి, అప్పుడే పడిపోయింది" అని ఒకరు. "బ్రాందీ చుక్క ఏసింటాడులే" అని ఒకరు. వాడూ నవ్వినాడు.

"ఈడ ఉక్కపోతకు ఎట్లా పండుకుంటాది పెద్దమ్మా. బండిలో ఇంటికాడ దించి వస్తా" అని పెండ్లికొడుకు తల్లితో అన్నాడు.

ఒక్కరూ అడ్డం చెప్పలేదు, ఎవరి పనికి వాళ్ళు మళ్ళినారు. వరసకు బావ. ఇంకెవరో అయింటే మా ఆడవాళ్ళు గరిటెలు తిరగేసి తరిమేవాళ్ళు. వాడు పోయి సుమో వెనక తలుపు తీసిపెట్టి వచ్చినాడు.

ఆ తలుపు తీసిన చప్పుడుకు నాకు సంగతంతా తెలిసింది. నాకు పట్టిన మత్తు, ఆ పిల్లకు పట్టిన మత్తు ఒకటే. అది బ్రాందీ కాదు. బ్రాందీ ఎట్లుంటుందో నాకు బాగా తెలుసు. వాడు ఆ పిల్లను ఇంటికి తీసుకపోవడం లేదు. ఇవన్నీ తేటగా తెలుస్తున్నాయి, కానీ నాలుక చెక్కలాగా బిగుసుకపోయింది. కాళ్ళు నావి కావు. నా భార్య ఈశ్వరమ్మ ఆకుపచ్చ చీర దూరంగా పొయ్యిల దగ్గర కనపడుతోంది. పిలిచినాను. పెదవుల దాకా గాలి వచ్చింది, మాట రాలేదు. బతికుండగానే పాడెమీద పండబెట్టినట్టు, కండ్లు ఒక్కటే నాకు మిగిలినాయి.

ఇక్కడ్నుంచే నేను పెంచి చెప్పింది. మంచం మీద నుంచి దూకి వాడి గొంతు పట్టుకున్నానని చెప్పినాను. చెట్టు కొమ్మ మీద నుంచి ఒక ముసలిది దిగిందని, తాటిచెట్టంత పొడుగని, పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని ఎర్రగుంట్లలో చెప్పినాను. రాజంపేటలో మా తోడల్లుడి ఇంట్లో చెప్పేటప్పటికి ఆమె కండ్లల్లో నిప్పులు కూడా పెట్టినాను.

అదంతా అబద్ధం. నేను లేవలేదు. చొల్లు కార్చుకుంటా పడుకోని చూసినాను, అంతే.

చూసింది ఇదీ. మాధవి మంచం మీద తలవైపు ఒక ముసలామె కూర్చోనుంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. రవిక లేదు. వెలిసిపోయిన ఇటుకరంగు చీర, మోచేతి దాకా పచ్చబొట్లు. పాదాలు మామూలుగానే ఉన్నాయి, దుమ్ము కొట్టుకోని. మాధవి కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకోనుంది. కోపం లేదు, తొందర లేదు. బియ్యంలో రాళ్ళు ఏరుకునే ఆడవాళ్ళ ముఖం ఎట్లుంటుందో అట్లుంది ఆమె ముఖం. నావైపు చూడలేదు. వాడివైపూ చూడలేదు.

వాడు పిల్ల భుజాల కింద చెయ్యిపెట్టి లేపినాడు. ఒళ్ళు లేచింది, ఆ చెయ్యి రాలేదు. లాగినాడు. మళ్ళీ లాగినాడు. వంగి ముసలామెతో మెల్లగా ఏదో అన్నాడు. ఆమె పట్టు విడవలేదు. వాడు ఆమె కూర్చున్నచోట కిందికి చూసినాడు, చూసి పిల్లను వదిలేసినాడు. వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటా పోయి, చెప్పులు మంచం దగ్గరే వదిలేసి బండెక్కి పోయినాడు. వెనక తలుపు తెరుచుకునే ఉంది, కొట్టుకుంటా పోయింది.

వాడు ఏం చూసినాడా అని నేనూ చూసినాను. నులకమంచం మీద మనిషి కూర్చుంటే నులక కుంగుతుంది. మాధవి కింద కుంగి ఉంది. ఆమె కింద కుంగలేదు, బిగుతుగా అట్లే ఉంది.

తర్వాత నాకు తెలివి లేదు.

నంద్యాల ఆసుపత్రిలో కండ్లు తెరిచినాను. నిద్రమందు లాంటిదేదో కలిపినారని, ఇంకొంచెం ఎక్కువ పడింటే పిల్లకు ఊపిరి నిలిచిపోయేదని డాక్టరు చెప్పినాడు. ఇట్లాంటి మత్తులో లేనివి కనపడడం మామూలే అని కూడా అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. సరే, మందు పుట్టించిన ముసలామె అనుకున్నాను. సిగ్గుకొద్దీ అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు ఈశ్వరమ్మ నా మంచం దగ్గరికి వచ్చి, మాధవి లేచి ఏదేదో అడుగుతాండాదని చెప్పింది.

"అత్తా, ఆ అవ్వ ఎవురు, చెయ్యి నొప్పిపుట్టేట్టు పట్టుకోనింది అంటాండాది. ఏ అవ్వ గురించి అడుగుతాండాదో ఏమో."

నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకటే గ్లాసు, ఒకటే మందు. ఇద్దరికీ ఒకటే పీడకల వస్తుందా అని డాక్టరును అడుగుదామనుకున్నాను. ఏం చెబుతాడో అని అడగలేదు.

ఇంటికి వచ్చినాక వాళ్ళ పెద్దమనుషులు వాణ్ణి వెంటబెట్టుకుని మా చెల్లెలి ఇంటికి వచ్చినారు. కొత్త వియ్యం, పిల్ల పేరు బయటికి పోతుంది, బావసరసం కొంచెం ముదిరిందనుకోండి అన్నారు. మా చెల్లెలు మెత్తబడింది. మాధవి గడప దగ్గర నిలబడి వింటోంది.

"సరసానికి బండి తలుపు ఎందుకు తీసిపెట్టినాడో అడగండి పెద్దనాయనా" అంది.

తల వంచుకున్నవాడే పలికినాడు.

"నేను యాడికీ తీసకపోలేదు కదా. ఆ ముసలామె వదిల్తే కదా తీసకపోయేది. వదులవ్వా అని బతిమాలినా కూడా."

"ఏ ముసలామెరా?" అన్నాడు వాళ్ళ నాయన.

వాడు తలెత్తి అందరి ముఖాలూ చూసినాడు. "మీ మనిషి కాదా?" అని మమ్మల్నే అడిగినాడు. రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకున్నాడు.

వాడు ఆ షర్బతు తాగలేదు. బండి తోలాల కాబట్టి ఆ పొద్దు నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని వాడే చెప్పినాడు. నేను చూసింది అప్పటికి నేనెవరికీ చెప్పలేదు. మాధవి మాట ఈశ్వరమ్మ నాకు తప్ప ఇంకొకరికి చెప్పలేదు. మత్తులో ఉన్న ఇద్దరికీ మందు వల్ల కనపడిందనుకుందాం. మత్తు లేనివాడికి ఎట్లా కనపడింది?

ఆ సాయంత్రమే మాధవి స్టేషన్‌కు పోదామంది. పోయినాం. కేసు నడిచింది. పెద్దపిల్ల కాపురం చెడిపోతుందని అందరూ భయపడినారు గానీ, చెడిపోలేదు.

ఈ కథ విన్నవాళ్ళందరూ ముసలామె గురించే అడుగుతారు. గ్లాసు గురించి ఎవరూ అడగరు. నాకు దానిమీదే కోపం. మీ పెండ్లిండ్లకు ఏ అవ్వా రాదనుకునే నడుచుకోండి. ఎవరో విడిగా తెచ్చిచ్చింది, పక్కన పెట్టి పోయి వచ్చినాక ఉన్నది తాగొద్దు. రుచి తేడాగా ఉందని పిల్ల చెబితే, నాలాగా తీర్పులు చెప్పకుండా పారబోయండి. మనిషి తూలితే నవ్వొద్దు. ఆసుపత్రికి మోసుకపోండి, మంచిగా అయ్యేదాకా ఇంట్లోవాళ్ళు పక్కనే ఉండండి. వరస చూసి ఒక్కడి చేతికి అప్పజెప్పొద్దు.

ఇంతటితో అయిపోయిందనుకుని, రాసింది ఈశ్వరమ్మకు చదివి వినిపించినాను. గోరుచిక్కుడు తుంచుతోంది. తుంచడం ఆపేసి, ఇన్నేండ్లూ నాకు చెప్పని మాట ఒకటి చెప్పింది. చెబితే ఊరంతా దాన్ని పెంచుకుంటా తిరుగుతానని దాచిందంట.

ఆ పొద్దు సుమో వెనక తలుపు తెరుచుకుని పోతుంటే చూసి, ఏందా అని ఆమె మంచాల దగ్గరికి వచ్చింది. ముసలామె లేదు, ఎవరూ లేరు. మాధవి నోరు తెరుచుకుని ఒళ్ళెరగకుండా పడుంది. కుడిచెయ్యి మాత్రం గాల్లో లేచి ఉంది. ఆనుకోవడానికి ఏమీ లేదు. వేళ్ళు వేలాడుతున్నాయి, మణికట్టు మాత్రం నిలబడి ఉంది.

"నేను పోయి పట్టుకునేదాకా ఆ చెయ్యి దిగలా. పట్టుకుంటానే బరువంతా నా చేతిలోకి వచ్చింది. పసిబిడ్డను ఒకరి చేతిలోంచి అందుకున్యట్టు" అంది.

ఎవరి చేతిలోంచి అని నేను అడగలేదు. ఇంత వయసొచ్చి, పట్టపగలు, పక్కన మనిషి ఉండగా, ఆ ఒక్క మాట అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె మళ్ళీ గోరుచిక్కుడు తుంచుకుంటా కూర్చుంది. ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.