సింహాసనాల మేస్త్రి

కారు సీట్లకు కవర్లు కుట్టే ఆయన్ని వీధివాళ్ళు సింహాసనాల మేస్త్రి అంటారు. వెక్కిరింపుకి పెట్టిన పేరే అయినా ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు. కంపెనీ సీటు చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. దానిమీద రెండు వరుసల స్పాంజి పరిచి, నున్నటి రెగ్జిన్ బిగించేవాడు. షాపు ముందు ఆగి ఉన్న కారులోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఆహా" అనేవాడు. ఆయన పరీక్ష అంతే. కదిలే కారులో సీటు ఏం చేస్తుందో ఆయనకు ఎప్పుడూ పట్టలేదు.

అల్లుడు కారు కొన్నాడు. కూతురు కడుపుతో ఉంది. ఇక మేస్త్రిని పట్టేదెవరు? మూడో వరుస స్పాంజి కూడా వేశాడు. తల ఆనించే దిండ్లు అందం చెడగొడుతున్నాయని పీకి డిక్కీలో పడేశాడు.

"కవర్ కుట్టావా, పరుపు కుట్టావా?" అంది భార్య.

"నీకేం తెలుసే! నా కూతురు మహారాణిలా వెళ్తుంది."

మహారాణి సందు చివరిదాకా వెళ్ళింది. కుక్క అడ్డొచ్చి అల్లుడు బ్రేకు వేయగానే సర్రున ముందుకు జారింది. తొడల మీదుండాల్సిన బెల్టు పొట్టమీదికి ఎక్కి నొక్కింది. దెబ్బ తగల్లేదు గానీ, రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

కారు షాపు ముందుకు తిరిగొచ్చాక దిగి, తలుపు తెరిచి పట్టుకుంది. "నాన్నా, నువ్వు కూర్చో."

"నేనెందుకమ్మా..."

"కూర్చోండి మామయ్యా," అన్నాడు అల్లుడు.

కారు నాలుగు గజాలు కదిలిందో లేదో మళ్ళీ బ్రేకు పడింది. మేస్త్రి జారుడుబల్ల మీద పిల్లాడిలా జారి, "అమ్మో" అన్నాడు.

"మహారాజులకు బ్రేకులు గిట్టవు కాబోలు," అంది షాపు గుమ్మంలోంచి భార్య.

ఆ పూటే మేస్త్రి బ్లేడు పట్టుకుని కవర్లన్నీ విప్పేశాడు. దిండ్లు తానే తిరిగి బిగించాడు. కూతురి కారు విషయం అక్కడితో తేలింది.

మర్నాడు ఒకాయన కారు తెచ్చాడు. "అందరికంటే మెత్తగా ఉండాలి మేస్త్రీ!"

"అలాగే సార్!" మేస్త్రి కత్తెర తీశాడు.

భార్య గొంతు తగ్గించింది. "నిన్నటి సంగతి చెప్పవా ఏమయ్యా?"

"అడిగింది కుట్టడమే నా పని. వచ్చిన వాళ్ళందరూ నా కూతుళ్ళా?"

ఆవిడ స్పాంజి చుట్టమీద చతికిలబడి, రెండు కాళ్ళూ బారజాపింది. మేస్త్రి సైగ చేశాడు, కళ్ళెర్రజేశాడు, చివరికి చుట్ట కొస పట్టుకుని లాగాడు. ఆవిడ కదల్లేదు.

"స్పాంజి అయిపోయిందండీ," అన్నాడు మేస్త్రి కారాయనతో, ఆ చుట్ట పక్కనే నిలబడి.