ఖాళీగా వచ్చిన తడి డబ్బా

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను పాతబస్తీలోని ఒక మున్సిపల్ సర్కిల్‌కు చెత్త కార్యక్రమాల సమన్వయకర్తగా వేశారు. సర్కిల్ అంటే కొన్ని వార్డుల గుంపు. దానికి పెద్ద డిప్యూటీ కమిషనర్. ఇళ్ల నుంచి తడి చెత్తను విడిగా తెప్పించి, ఉస్మాన్‌గంజ్ వెనక కట్టిన గుంతల్లో ఎరువు చేయించడం నా పని.

ఒక గల్లీ నుంచి మాత్రం తడి డబ్బా రోజూ ఖాళీగానే వచ్చేది. జనానికి అవగాహన లేదని డిప్యూటీ కమిషనర్ తేల్చేశారు. మా శాఖలో ఆ మాటకున్న సుఖం ఏమిటంటే, అది అనడానికి గల్లీలోకి నడిచి వెళ్లక్కర్లేదు. నేను వెళ్లాను.

ప్రతి గడప పక్కనా ఒక డ్రమ్ము. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే. అన్నాన్ని చెత్తబండిలో వేస్తే పాపమని ఆ ఇళ్ల పట్టింపు. పాలు పోసే యాదమ్మ పొద్దున్నే వచ్చి ఆ కుడితిని తన బర్రెలకు పట్టుకెళ్లేది.

ఇది చెబితే, పైవాళ్లు గుంతల తనిఖీకి వచ్చేలోపల డ్రమ్ములు తీయించి ఆ తడి చెత్త మన బండికి తెప్పించమన్నారు సారు. యాదమ్మను కలిసి కుడితి మాకు వదలమంటే, అది ఆగితే బర్రెలను అమ్ముకోవాల్సిందే అంది. చెత్త పుట్టిన చోటే తగ్గించాలన్నది మన మొదటి నియమమే కదా, వీళ్లు చేస్తున్నది అదే కదా అని సారుతో వాదించాను. వాదన బాగుంది మేడం, గుంతల్లో ఏం చూపిస్తారు అన్నారాయన. అదీ నిజమే.

మళ్లీ యాదమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కొట్టంలోని పేడంతా మోరీ కాలువలోకి కడిగేసేది. మోరీ నిండితే గల్లీ అంతా లొల్లి. ఆ పేడ మాకిమ్మన్నాను.

"మొన్న కుడితి కావాలన్నరు, ఇయ్యాల పేడ అంటున్నరు. బర్రెలను మీ ఆఫీసుల్నే కట్టెయ్యాల్నా మేడం?"

"కట్టెయ్. ఆఫీసు నుంచి పాలన్నా వస్తయి."

ఆమె నవ్వలేదు. "డ్రమ్ములు ముట్టొద్దు. ఈగలు ముసరకుండ మూతలు నేను పెట్టిపిస్త. ఒక్కటి మాయమైనా పేడంత మీ గేటు ముంగట పోస్త."

సరేనన్నాను. పేడకు బజారులోని ఎండాకు, పూలచెత్త కలిపాం. ఎరువుగా మారుతూ కుప్ప వేడెక్కింది, గుంతలు నిండాయి. తనిఖీ రోజు సారు వాటిని తానే దగ్గరుండి చూపించారు. జనంలో అవగాహన పెరిగిందని పైకి రాశారు. డ్రమ్ముల ఊసు మళ్లీ ఎత్తలేదు, నాకు కావలసిందీ అదే.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునే దాకా ఎక్కడ పనిచేసినా ఒక పద్ధతి పాటించాను. తడి డబ్బా ఖాళీగా వస్తే, దాన్ని నింపమని జనం మీద పడేముందు, దాన్ని మనకంటే ముందే ఖాళీ చేస్తున్నది ఎవరో కనుక్కోవాలి.